జగన్మోహిని (1978 సినిమా)

జగన్మోహిని, బి.విఠలాచార్య స్వీయ దర్శకత్వంలో నిర్మించగా 1978లో విడుదలైన తెలుగు జానపద చిత్రం. నరసింహరాజు, జయమాలిని, ప్రభ ఇందులో ముఖ్య పాత్రధారులు. తక్కువ ఖర్చుతో తీసిన దయ్యాల సినిమాలలో తెలుగువారు ఇంతగా గుర్తుంచుకున్నది మరొకటి లేదనవచ్చు. సినిమా పేరు మరచినవారికి కూడా ఒక దృశ్యం మాత్రం గుర్తుంటుంది: మోహిని పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాలినే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది.

కథ

గత జన్మలో తనను మోసగించిన ప్రియుని కొరకు దయ్యమై తిరుగుతున్న మోహిని (జయమాలిని), ఈ జన్మలో అతనిని గుర్తించి చేజిక్కించుకొనడానికి ప్రయత్నిస్తుంది. అతని భార్య (ప్రభ) అమ్మవారి భక్తురాలు. మిగిలినదంతా వీరిద్దరి పోరాటమే. గెలుపు ఎవరిదో ప్రేక్షకునికి మొదటి నుండీ తెలుసు. నిజానికి విఠలాచార్య చిత్రాలకు జనం వెళ్ళేది కథ కొరకు కాదు, మాయల కొరకు.

దర్శకుడు

1920లో ఉడుపి సమీపంలోని ఉద్యావరలో జన్మించిన విఠలాచార్య, సినిమాలు తీయకముందు అరసికెరెలో హోటలు నడిపాడు. తరువాత టూరింగ్ టాకీసు నడిపాడు. నేలమీద కూర్చుని సినిమా చూసేవారు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ పక్కవారి చేయి పట్టుకుంటారో ఆయనకు అక్కడే తెలిసి ఉండాలి. ఎక్కువ పారితోషికం అడిగిన నటుని పాత్రను శాపంతో చిలుకగానో మేకగానో మార్చివేసి సినిమా పూర్తిచేసేవాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిజమెంతైనా, ఆయన పొదుపును అది చక్కగా చెబుతుంది.

మాయల పనితనం

కంప్యూటర్లు లేని ఆ రోజులలో మాయలన్నీ కెమెరాతోనే చేయవలసి వచ్చేది. కెమెరాను కదలకుండా బిగించి, మధ్యలో ఆపి, మనిషి ఉన్నచోట మేకను నిలిపి తిరిగి నడిపితే మనిషి మేకగా మారినట్లు కనబడుతుంది. ఫ్రాన్సు దేశీయుడు జార్జి మెలియస్ 1896లోనే ఈ ఉపాయాన్ని వాడాడు. కటకంలో సగం మూసి, అదే ఫిల్మును రెండుసార్లు వాడడం మరొక పద్ధతి.

అయితే పొయ్యి దృశ్యం నిలిచిపోయినది పనితనం వల్ల మాత్రమే కాదు. అందులో అరుపులు లేవు, రక్తం లేదు. మోహిని ఏ గృహిణివలెనో నింపాదిగా వంట చేసుకుంటుంది. 1978లో పల్లె ప్రేక్షకులలో అత్యధికులు కట్టెల పొయ్యిపై వండుకొనేవారే. కట్టెలు వెతుక్కోవలసిన బాధ ఎరిగినవారే. కనుక భయమూ నవ్వూ ఒకేసారి కలిగేవి. గ్యాసు పొయ్యి తప్ప ఎరుగని నేటివారికి ఈ హాస్యంలో సగం అందదు.

అమెరికాలో 1963లో హెర్షెల్ గార్డన్ లూయిస్ కొద్దిపాటి డబ్బుతో తీసిన 'బ్లడ్ ఫీస్ట్' కూడా విమర్శకుల ఈసడింపుకు గురై, తరువాత అభిమానులను సంపాదించుకున్నది. అక్కడ ఆకర్షణ తెరపై పారించిన రక్తం. ఇక్కడ ఎముకలూ పుర్రెలే ఎక్కువ. పిల్లలను వెంటబెట్టుకుని చూడగలగడం జగన్మోహినికి కలిసివచ్చిన అంశం.

నటీనటులు

నృత్యగీతాలకు పేరుపొందిన జయమాలినికి ఇక్కడ పేరే తనదైన పాత్ర దక్కినది. నటి జ్యోతిలక్ష్మి ఆమె అక్క. కథానాయకుడు నరసింహరాజు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకు చెందినవాడు. ఆ ఊరు తణుకు దగ్గర ఉన్నది. కనుక తాడేపల్లిగూడెం, తణుకు ప్రాంతాలవారు దీనిని తమవాడి సినిమాగా చెప్పుకొనడానికి కారణం లేకపోలేదు.

తరువాత

ఈ చిత్రం తమిళంలోకి అనువాదమై అక్కడా విజయం సాధించినది. విఠలాచార్య 1999లో మరణించాడు. నమ్మశక్యం కాని సంగతి ఏదైనా వింటే "విఠలాచార్య సినిమాలా ఉన్నదే" అనడం తెలుగువారికి అలవాటు. 2009లో నమిత కథానాయికగా, ఎన్.కె.విశ్వనాథన్ దర్శకత్వంలో జగన్మోహిని తమిళంలో మళ్ళీ తీయబడినది. అందులో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉన్నా, జనం ఇప్పటికీ చెప్పుకొనేది పాత సినిమాలోని పొయ్యి గురించే.