సూది ఆగింది, కాపలా ఆగలేదు

మా ఇంట్లో షుగరు ఇద్దరికి. ఒకరు మా అత్తయ్యగారు. రెండోవాడు చంటిగాడు, మా పిల్లి. పిల్లికి షుగరేమిటని నవ్వకండి. మొదట నేనూ అలాగే నవ్వాను.

2022 వేసవిలో వాడు తెగ నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. రాజమండ్రి ఎండలకి ఎవరు తాగరులే అనుకున్నాను. ఇసుక ట్రే పూటపూటా మార్చాల్సి వస్తే విసుక్కున్నాను కూడా. తిండి చూస్తే రెట్టింపు, ఒళ్లు చూస్తే సగం. చివరికి వెనక కాళ్లు మడమలదాకా నేలకి ఆనించి నడుస్తుంటే భయమేసి, బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. షుగరు ఎక్కువై నరాలు దెబ్బతింటే పిల్లులు అలా నడుస్తాయిట. కాస్త వయసు మళ్లి, ఇంటిపట్టున తిని కూర్చునే లావుపాటి మగవాటికి ఈ జబ్బు ఎక్కువట. (ఈ వర్ణన మా ఇంట్లో ఇంకొకరికీ సరిపోతుంది. పేరు చెప్పను.)

రోజుకి రెండు పూటలా ఇన్సులిన్. పాలు, అన్నం బంద్. పిల్లి పుట్టుకతోనే మాంసం తినే జీవి, పిండిపదార్థం దానికి అక్కర్లేదన్నారు డాక్టరుగారు. ఆయన చెప్పిన డబ్బా తిండి పెట్టాం. నాలుగు నెలల్లో డోసు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, దసరాకల్లా సూదే ఆగిపోయింది. వైద్యం త్వరగా మొదలుపెడితే కొన్ని పిల్లుల్లో ఇలా జరుగుతుందిట. నేను స్వీట్లు పంచబోతే డాక్టరుగారు, "తగ్గిందనండమ్మా, పోయిందనకండి" అన్నారు.

అసలు పని అప్పుడు మొదలైంది. పాల లెక్కల పుస్తకంలో సగం చంటిగాడిదయిపోయింది. పొద్దున్నే కొలిచి నీళ్లు పోయడం, మర్నాడు మిగిలింది కొలవడం. ఆదివారం వాణ్ణి ఎత్తుకుని బరువు మిషనెక్కడం, అందులోంచి నా బరువు తీసేయడం. (అందుకే ఆ పేజీలు మావారికి చూపించను.) వారానికోసారి మూత్రంలో స్ట్రిప్ ముంచి రంగు చూడటం. రక్తంలో షుగరు 250 దగ్గరికి పోతేగానీ పిల్లుల మూత్రంలో కనబడదుట. అందుకని అప్పుడప్పుడూ చెవి అంచున చిన్న పొడుపు పొడిచి, అత్తయ్యగారి మిషన్లోనే చూసేవాళ్లం. మనుషుల మిషను పిల్లికి కాస్త తక్కువ చూపిస్తుందిట, ఆ తేడా డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. ఆస్పత్రిలో చూస్తే ఇంకో చిక్కు. భయానికే షుగరు పెరిగిపోతుంది. అక్కడ ఫ్రక్టోసమైన్ అని వేరే రక్తపరీక్ష చేస్తారు, అది వెనకటి రెండు మూడు వారాల సంగతి చెబుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. దురదకో, దగ్గుకో స్టెరాయిడ్ ఇస్తే షుగరు తిరగబెట్టొచ్చు. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా పాత కథ ముందే చెప్పేయండి.

ఏడాది పైగా అంతా సవ్యంగా సాగింది. 2024 సంక్రాంతికి పుస్తకం తిరగేస్తే గుండె గుభేలుమంది. 60 మిల్లీలీటర్లు తాగేవాడు 140 తాగుతున్నాడు. బరువు నెలలో 300 గ్రాములు తగ్గింది. చూడ్డానికి వాడు మామూలుగానే ఉన్నాడు, కళ్లతో అయితే పోల్చుకోలేకపోయేదాన్ని.

ఆ మధ్యాహ్నం నిద్ర నటించి పడుకున్నాను. అత్తయ్యగారు కొంగుచాటున గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. పెరుగన్నం, పైన మీగడ.

"అత్తయ్యా, ఏమిటిది?" అని గట్టిగానే అరిచాను.

ఆవిడ కోప్పడలేదు. "నాకూ పెట్టవు, వాడికీ పెట్టవు. నేనంటే పెద్దదాన్ని, అర్థం చేసుకుంటాను. నోరులేనివాడు, కాళ్లకి చుట్టుకుంటుంటే ఎలా చూడమంటావే?" అన్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నా దగ్గర జవాబు లేదు. పథ్యం లెక్కలన్నీ నా చేతిలోనే ఉంచుకున్నాను. ఆవిడకి మిగిలింది తినకుండా కూర్చోవడమొక్కటే.

మళ్లీ సూది మొదలైంది. రెండు నెలలు. ఈసారీ ఆగింది, రెండోసారి ఆగడం అంత తేలిక కాదు, అదృష్టమే అన్నారు డాక్టరుగారు. డోసు తగ్గించే రోజుల్లో మాత్రం ఆయన్ని అడక్కుండా ఒక్క చుక్క అటూ ఇటూ చేయలేదు. షుగరు దిగుతున్నప్పుడు పాత డోసే పొడిస్తే పిల్లి తూలిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

ఆ తర్వాత పుస్తకం, పెన్సిలు అత్తయ్యగారికే ఇచ్చేశాను. నీళ్ల కొలత ఆవిడదే. చెవి పొడిచేది నేను, అంకె చదివేది ఆవిడ. తన పరీక్షకి ఇన్నాళ్లూ వంకలు పెట్టేవారు, ఇప్పుడు వాడి తర్వాత తన వేలూ చాపుతున్నారు. మొన్న ఆదివారం వాడికి 104, ఆవిడకి 168.

"వెధవ, నన్ను దాటిపోయాడే!" అని రెండు అంకెలూ పక్కపక్కనే రాసుకున్నారు.