పర్యావరణ పాఠము – పల్లె నీటి లెక్క

మీ ఊరి పాత మోటబావిలో నేడు నీరు ఎన్ని మీటర్ల లోతున ఉన్నది? గడచిన వేసవిలో ఎంత లోతున ఉండెను? ఈ రెండు ప్రశ్నలకు బదులు చెప్పగల విద్యార్థి మీ ఇంట ఉన్నచో, ఆ బిడ్డ పర్యావరణ విద్యను చక్కగా అభ్యసించినట్లే తలంపవచ్చును. చెప్పలేనిచో తప్పు ఆ బిడ్డది మాత్రమే కాదు. ఆ పాఠమును పెద్దలమైన మనము కూడ చిన్నచూపు చూచుచున్నాము.

పాఠము వచ్చిన విధము

న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1991 నవంబరు 22వ తేదీన తీర్పు చెప్పుచు, పాఠశాలలందును కళాశాలలందును పర్యావరణమును తప్పనిసరిగా బోధింపవలెనని ఆదేశించినది. 2003లో ఆ ఆదేశమునకు మరింత బలము చేకూరినది. మన రాష్ట్రమున ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు విద్యార్థులకు పర్యావరణ విద్యలో పరీక్ష పెట్టబడినది. 2025 జనవరిలోను ఆ పరీక్ష జరిగినది. ఇందు ఉత్తీర్ణత అవసరమే గాని, మార్కులు మొత్తములో కలియవు. కావుననే పెక్కుమంది పరీక్షకు ముందు రెండు మూడు దినములు పుస్తకము తిరగవేసి, పిమ్మట మరచిపోవుచున్నారు. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ మాత్రము సీనియర్ సెకండరీ స్థాయిలో దీనిని పూర్తి పాఠ్యాంశముగనే బోధించుచున్నది.

ప్రయోగశాల ఊరిలోనే ఉన్నది

రసాయన శాస్త్రమునకు గాజుపాత్రలు కావలెను. పర్యావరణ శాస్త్రమునకు చెరువు, బావి, పొలము చాలును. సిద్దిపేట ప్రాంతమున పైన మట్టియు మొరమును, వాని క్రింద గ్రానైటు రాయియు ఉన్నవి. రాయి నీటిని పీల్చుకొనదు. దాని పగుళ్లలో మాత్రమే నీరు నిలుచును. పగులు తగలనిచో ఎంత లోతు వేసినను బోరునుండి దుమ్మే లేచును. అప్పు చేసి బోరు మీద బోరు వేసి నష్టపోయిన రైతు కుటుంబములు ఈ సంగతిని బాధపడి నేర్చుకొన్నవి. వారి బిడ్డలు దానిని ముందుగా తరగతిలోనే నేర్చుకొనుట మేలు కాదా?

కాగా పగుళ్లలోనికి నీరు చేరునది వానవలననే. ఇందు లెక్క సులభము. ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. కళాశాల కప్పు 200 చదరపు మీటర్లు ఉండి, ఒక్కనాడు 50 మిల్లీమీటర్ల వాన పడినచో 10,000 లీటర్లు లభించును. అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు! కొంత ఆవిరియై, కొంత చెదరిపోయినను, మిగిలినదానిని ఇంకుడుగుంతలోనికి మళ్లింపవచ్చును. జిల్లాలోని ఇబ్రహీంపూర్ గ్రామస్థులు ఇంటింట ఇంకుడుగుంతలు త్రవ్వుకొని పేరు గాంచినారు.

చెరువుల సంగతియు ఇట్టిదే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము క్రింద చెరువుల పూడిక తీయబడినది. సిద్దిపేట పట్టణపు కోమటిచెరువు కూడ బాగుచేయబడినది. పూడికమట్టి తేమను నిలుపును గనుక చల్కనేలలకు మేలు చేయును. నల్లరేగడికి దాని అవసరము అంతగా లేదు. మట్టిని పరీక్షించిన పిమ్మటనే బండి కట్టవలెనని విద్యార్థి తన తండ్రికి చెప్పగలిగినచో చదువు సార్థకమగును.

రెండు వైపులను చూచుట

పర్యావరణ శాస్త్రము లాభమును మాత్రమే లెక్కింపదు. తొగుట మండలమున 50 టి.ఎం.సి.ల సామర్థ్యము గల మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమైనది. ఒక టి.ఎం.సి. యనగా దాదాపు 2,831 కోట్ల లీటర్లు. పొలములకును ఊళ్లకును నీరు అందించుటకై కట్టిన ఈ జలాశయము క్రింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలగు గ్రామములు మునిగినవి. ఎన్ని ఎకరములకు నీరు అందును? నీటిని ఎత్తిపోయుటకు ఎంత విద్యుత్తు కావలెను? ఊరు విడిచిన కుటుంబముల బ్రదుకుతెరువేమి? ఈ మూడు ప్రశ్నలను కలిపి అడుగుటయే ఈ శాస్త్రము నేర్పు వివేకము.

ముందు చదువులు

ఆసక్తి గలవారికి దారి దగ్గరలోనే కలదు. సిద్దిపేట జిల్లా ములుగునందు అటవీ కళాశాల, పరిశోధన సంస్థకు 2019లో నూతన ప్రాంగణము ఏర్పడినది. ఇంటర్మీడియట్ పిమ్మట అచట నాలుగేండ్ల అటవీశాస్త్ర పట్టమునకు చదువవచ్చును. ఉద్యాన విశ్వవిద్యాలయమును ములుగుననే ఉన్నది.

అయితే అందరును అటవీ అధికారులు కానక్కరలేదు. ప్రతి కళాశాలలోని విద్యార్థులు నెలకొకమారు ఒక పాతబావి నీటిమట్టమును కొలిచి గ్రామపంచాయతి గోడపై వ్రాసినచో చాలును. ఒంటరిగా బావికడకు పోరాదు, అధ్యాపకుని వెంట ఇద్దరు ముగ్గురు కలిసి పోవలెను. బరువు కట్టిన త్రాడును గట్టుమీదనుండియే దింపి, గట్టునుండి నీరు తగిలిన చోటివరకు తడియని మేరను కొలువవలెను. రెండేండ్ల అంకెలు చేతనున్న ఊరు యాసంగికి వరి వేయవలెనా, మొక్కజొన్న వేయవలెనా యని గుడ్డిగా నిర్ణయింపదు. మార్కుల పట్టికలో కలియని పాఠము ఊరికి అన్నము పెట్టు పాఠమైనచో, దానికంటె గొప్ప ఉత్తీర్ణత వేరొకటి లేదు.