కొనుగోలు: బస్తా శనగల నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దాకా

ధర చెల్లించి ఒకరి సొత్తును తన సొంతం చేసుకోవడమే కొనుగోలు. డబ్బుకు బదులు మరో వస్తువు ఇస్తే అది మారకం. గింజలు కొలిచి కుండలు, కూరగాయలు తీసుకునే పద్ధతి రాయలసీమ పల్లెల్లో చాలాకాలం సాగింది. చట్టం ఈ రెంటినీ వేరువేరుగా చూస్తుంది.

సరుకు తయారవకముందే డబ్బిచ్చి కొనడం ఇంకో పద్ధతి. 1800లో నిజాం కడప సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. బట్టల కోసం కంపెనీ అక్కడి నేతగాళ్లకు బయానాలిచ్చేది. ఆ బాకీ తీరేదాకా నేసిన బట్టను వాళ్లు ఇష్టమొచ్చినవాళ్లకు అమ్ముకోవడం కష్టమయ్యేది. కొనేవాడి బలానికి అమ్మేవాడు లొంగి ఉండాల్సి వచ్చిన కాలమది.

పంట విషయంలో నేడు ప్రభుత్వ కొనుగోలు రైతుకు ఆసరా అవుతోంది. జమ్మలమడుగు, పులివెందుల వైపు నల్లరేగడి నేలల్లో శనగ పండుతుంది. బజారులో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వ సంస్థలు మద్దతు ధరకు కొంటాయి. 2025-26 రబీ మార్కెటింగ్ కాలానికి శనగ మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు.

పొలం, ఇల్లు కొనడానికి డబ్బొక్కటే చాలదు. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి విక్రయానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన పొలం కొన్నవాడిది కాదు. ఇక నగల విషయానికొస్తే, బంగారు అంగళ్లకు పేరుమోసిన ప్రొద్దుటూరులో నగ కొనేవారు చూడాల్సింది హాల్‌మార్క్. 2023 ఏప్రిల్ 1 నుంచి దానితోపాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ కూడా ఉండాలి.

కంపెనీల కొనుగోలుకు కడప జిల్లాలోని చిలమకూరే ఉదాహరణ. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీని 1990లో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ నుంచి ఇండియా సిమెంట్స్ కొంది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ ప్రమోటర్ల 32.72 శాతం వాటాను అల్ట్రాటెక్ కొనేసింది. మొదటిసారి ఫ్యాక్టరీ యజమాని మారింది. రెండోసారి ఫ్యాక్టరీ అదే కంపెనీ కింద ఉన్నా, ఆ కంపెనీ మీద పెత్తనం చేతులు మారింది.

కొన్న వస్తువులో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ బిల్లే ముఖ్యమైన సాక్ష్యం. అందుకే చిన్న వస్తువైనా, ఎకరం పొలమైనా, బిల్లో దస్తావేజో చేతికొచ్చాకే బేరం ముగిసిందనుకోవాలి.