ప్రథమ చికిత్స పెట్టె ఉంది... తెరిచేదెవరు?

సింహాచలం: పెట్టె గోడకు ఉంది. పెట్టెకు తాళం కూడా ఉంది. తాళంచెవి గుమాస్తాగారి జేబులో ఉంది. గుమాస్తాగారు భోజనానికి వెళ్లారు.

గోపాలపట్నం దాపున ఒక చిన్న కర్మాగారంలో ఈ విలేకరి కళ్లారా చూసిన సంగతి ఇది. ఆ వేళకు ఒక కార్మికుని వేలు తెగి నెత్తురు ధారగా కారుతున్నది. చుట్టూ చేరిన వాళ్లలో ఒకరు కాఫీపొడి అద్దమన్నారు, మరొకరు కిరసనాయిలు పోయమన్నారు. చివరకు పెద్దవయసు కార్మికుడొకాయన తన తలగుడ్డను మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి పట్టుకుపోయాడు. గుమాస్తాగారు తీరుబడిగా వచ్చి తాళం తీస్తే లోపల దర్శనమిచ్చినవి: ఎండిపోయిన టింక్చరు సీసా, రెండు దూది ఉండలు, పాత రసీదుల కట్ట.

కర్మాగారం పేరు ఇక్కడ అనవసరం. ఇటువంటి పెట్టెలు చాలాచోట్ల ఉన్నాయి. పెట్టె కొనడానికి పెద్ద ఖర్చు కాదు. దాన్ని వాడడం నేర్చిన మనిషిని తయారుచేసుకోవడమే అసలు పని. ఆ పని నేర్పే సంస్థలు మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నాయి. 1920 నాటి చట్టంతో ఏర్పడిన భారత రెడ్‌క్రాస్ సొసైటీ, దానితో కలిసి నడిచే సెయింట్ జాన్ అంబులెన్స్ వాటిలో ముఖ్యమైనవి. ఇవి లాభాపేక్ష లేని సంస్థలు. అయినా వీటి శిక్షకులు గేటు గేటుకూ తిరిగి తమ తరగతిని అమ్ముకోక తప్పడంలేదు. అమ్ముకోవడం అనే మాట కొందరికి చేదుగా ఉండవచ్చు. కానీ జరుగుతున్నది అదే, జరగవలసినదీ అదే.

చందాకు వచ్చినవాడు కాదు

స్వచ్ఛంద సంస్థ మనిషి సంచి భుజాన వేసుకుని కర్మాగారం గేటు ముందు నిలబడితే కాపలాదారుకు వచ్చే మొదటి అనుమానం చందా కోసం వచ్చాడని. పండుగ చందా, ఆశ్రమం చందా, అనాథ పిల్లల చందా ఇలా రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందుకని వారిని అక్కడే ఆపుతారు. లోపలికి వెళ్లగలిగినా, సంస్థ ఆశయాలు, సేవా చరిత్ర అచ్చువేసిన కరపత్రం ఇచ్చి నమస్కారం పెట్టి వస్తే ఆ కాగితం సొరుగులోకి పోతుంది. అధికారులు మర్యాదస్తులే. మంచి పని చేస్తున్నారని మెచ్చుకుంటారు, టీ కూడా ఇప్పిస్తారు. తరగతి మాత్రం పెట్టించరు.

ఈ రంగంలో తలపండిన శిక్షకులను కదిపితే తేలేదేమిటంటే, తమ సంస్థ గొప్ప చెప్పుకోవడం మానేసి ఎదుటివారి లెక్క అడగడం మొదలుపెట్టిన తర్వాతే తలుపులు తెరుచుకున్నాయట. మీ షిఫ్టులో ఎంతమంది? రాత్రి షిఫ్టులో పెట్టె ఎవరి చేతిలో ఉంటుంది? ఆయనకు సర్టిఫికెట్ ఉందా? దాని గడువు ఎప్పుడు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే భద్రతాధికారి కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

దీని వెనుక చట్టం ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. ఆ పెట్టె బాధ్యత ప్రథమ చికిత్సలో ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలో ఉండాలి, ఆ మనిషి పని వేళల్లో అందుబాటులో ఉండాలి. 500 మందికి పైబడితే అంబులెన్స్ గది కూడా ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. పుస్తకం మారింది గాని, ప్రథమ చికిత్స ఏర్పాట్లు యాజమాన్యమే చేయాలన్న బాధ్యత మారలేదు.

పాత చట్టం కొలతతోనే లెక్క వేద్దాం. ఒక్కో షిఫ్టులో 600 మంది పనిచేసే కర్మాగారానికి నాలుగు పెట్టెలు, నలుగురు మనుషులు. మూడు షిఫ్టులకు పన్నెండుగురు. వారపు సెలవులు, జబ్బు సెలవులు చూసుకుంటే ఇంకో నలుగురైనా అదనంగా ఉండాలి. అంటే పదహారుగురు. సెయింట్ జాన్ సర్టిఫికెట్ మూడేళ్లకే చెల్లుతుంది గనుక ఏటా ఐదారుగురికి మళ్లీ శిక్షణ కావాలి. ఈ లెక్కను ఒకే కాగితం మీద రాసి బల్ల మీద పెడితే అది చందా పుస్తకంలా కనిపించదు. కర్మాగారానికి అవసరమైన సరుకు ధరపట్టీలా కనిపిస్తుంది.

బొమ్మ ఒకటే, మనుషులు వందమంది

అయితే తరగతి ఒప్పుకున్నంత మాత్రాన గెలిచినట్టు కాదు. చాలా సంస్థలు అడిగే బేరం ఒకటుంది. వందమందిని హాలులో కూర్చోబెడతాం, గంటలో ముగించండి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేయండి అని. డబ్బు అవసరంలో ఉన్న సంస్థకు ఇది పెద్ద శోధన.

గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నొక్కడం చూసి నేర్చుకునే విద్య కాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా, ఆరు దాటకుండా నొక్కాలి. రెండు నిమిషాలు నొక్కేసరికి ఎంతటి బలశాలికైనా చెమటలు పడతాయి. అందుకే మనిషి ఆకారపు బొమ్మ మీద నేర్పుతారు. ఒక బొమ్మ ఉండి, 30 మంది ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు నొక్కితేనే గంట అయిపోతుంది. వందమందిని గంటలో ముగించాలంటే బొమ్మను దూరం నుంచి చూసి నమస్కారం పెట్టి వెళ్లవలసిందే! ఊపిరి, నాడి ఆగిన మనిషికి ఎవరూ ఏమీ చేయకపోతే నిమిషం నిమిషానికీ బతికే అవకాశం సుమారు ఏడు నుంచి పది శాతం తగ్గిపోతుందని వైద్యులు చెబుతారు. అటువంటి విద్యలో చేతికి అలవాటు లేని సర్టిఫికెట్ ఎవరిని కాపాడుతుంది?

బేరానికి ఒప్పుకోని శిక్షకులకు కొన్ని తరగతులు పోతున్నమాట నిజం. పోతే పోనివ్వాలనే ఈ విలేకరి అభిప్రాయం. చౌకగా సర్టిఫికెట్ అమ్మే దుకాణం అని ఒకసారి పేరు పడితే, తర్వాత నిజమైన తరగతికి మంచి సంస్థలు కూడా పిలవవు.

ఈ అమ్మకం కొత్తదీ కాదు. ఇంగ్లండులో 1877లో సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ ఏర్పడింది. మరుసటి ఏడు వూలిచ్ పట్టణంలో సైనిక వైద్యుడు పీటర్ షెఫర్డ్, కర్నల్ ఫ్రాన్సిస్ డంకన్‌తో కలిసి మామూలు జనానికి తరగతులు మొదలుపెట్టారు. షెఫర్డ్ ఆ మరుసటి ఏడే జూలూ యుద్ధంలో చనిపోయారు గాని, తరగతులు ఆగలేదు. బొగ్గుగనులకు, రైళ్లకు, పోలీసు దళాలకు పాకాయి. జనం ఎక్కడ దెబ్బలు తింటున్నారో అక్కడికి వెళ్లి, వారి యజమానులను ఒప్పించి నేర్పడమే ఆనాటి పద్ధతి. మన దగ్గర కండక్టరు లైసెన్సుకు వెళ్లినవారికి ఈ సర్టిఫికెట్ పరిచయమే. రైల్వే ఉద్యోగులకూ పరిచయమే.

వెంకటాపురం రాత్రి

గేటు లోపల నేర్పినంత మాత్రాన గోడ బయట ఊరికి ఒరిగేదేమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తుతూ దారిలోనే కూలిపోయారు. 12 మంది చనిపోయారు. గొడ్డూ గోదా రాలిపోయాయి. సైరను మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక తేల్చింది. సింహాచలం స్టేషను నుంచి ఆ ఊరు ఎంతదూరమో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు.

ఆ ఆవిరి గాలికంటే బరువైనది. నేలబారున పాకుతుంది, పల్లానికి చేరుతుంది. గాలి వీచే దిక్కుకు అడ్డంగా, మెరక వైపు పోవాలి. తడిగుడ్డ కొంత ఆసరా మాత్రమే, దాన్ని నమ్ముకుని అక్కడే నిలబడకూడదు. స్పృహ తప్పినా ఊపిరి ఆడుతున్న మనిషిని వెల్లకిలా వదిలేయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మండే కళ్లను నీళ్లతో కడుగుతూ ఉండాలి. ఇవి గంటలో నేర్పగల సంగతులు. ఆ రాత్రి పడిపోయినవారిని భుజాల మీద మోసింది ఇరుగుపొరుగువారు, పోలీసులు. వారిలో కొందరు తామూ అస్వస్థులయ్యారు.

శిక్షణ ఉంటే ఆ 12 మందీ బతికేవారని ఎవరూ అనలేరు. ఊరివారికి కట్టు కట్టడం నేర్పితే సైరను మోగించే బాధ్యత యాజమాన్యానికి తప్పిపోదు. కానీ 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటల్లో సుమారు 60 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా మందుల కర్మాగారం పేలుడులో 17 మంది పోయారు. పొగగొట్టాల నీడన బతికే పల్లెలు ఇన్ని ఉన్నచోట ఈ విద్య గోడ లోపలే ఆగిపోవడం న్యాయం కాదు.

ఒక ఉత్తరం కాదు, రెండు

ఇక్కడే శిక్షణ సంస్థలు ఒక పొరపాటు చేస్తున్నాయి. కంపెనీలకు సామాజిక బాధ్యత నిధులున్నాయని విని, ఉద్యోగులకు తరగతి పెట్టండి, ఆ నిధి నుంచి డబ్బివ్వండి అని ఒకే ఉత్తరం రాస్తున్నాయి. అది కుదరదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఇందుకు ఖర్చు చేయాలి. కానీ తమ ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనిని అందులో చూపకూడదు. దరఖాస్తు తిరిగి రావడానికి ఇదొక కారణం.

కాబట్టి రెండు ఉత్తరాలు కావాలి. ఉద్యోగుల తరగతికి ఫీజు అడుగుతూ భద్రతాధికారికి ఒకటి. చుట్టుపక్కల పల్లెల తరగతులకు సామాజిక బాధ్యత విభాగానికి ఇంకొకటి. కంపెనీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది గనుక రెండో ఉత్తరం అడుక్కోవడం కాదు. అయితే సంస్థకు 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నమోదు తప్పనిసరి అయింది. ఆ నంబరు లేనిదే ఎంత మంచి ఉత్తరమైనా పక్కకే పోతుంది. ఇక పెద్ద కంపెనీ ఇచ్చే ఫీజులో మిగిలింది బడిపిల్లల తరగతికి ఖర్చు పెడితే సేవ ఎక్కడికీ పోదు. ఉచితంగా నేర్పాలన్న పట్టుదలతో బొమ్మ కొనలేక, శిక్షకుడికి దారిఖర్చులు ఇవ్వలేక మూతపడితేనే సేవ పోతుంది.

మన సంఘాల మాటేమిటి?

సంస్థలు అంటే కర్మాగారాలే కావు. పాల సంఘం, డ్వాక్రా సంఘం, ఆటో స్టాండు, మత్స్యకారుల సొసైటీ, ఉన్నత పాఠశాల అన్నీ సంస్థలే. అనకాపల్లి వైపు గానుగలో చెయ్యి నలిగినవారు, మరిగే బెల్లం పాకం మీద పడినవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కాలిన చోట చల్లటి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పోయాలి. సిరా, పేస్టు, పిండి పూయరాదు. పాము కరిస్తే కోయకూడదు, తాడు బిగించకూడదు, మంత్రానికని తిప్పకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి వచ్చేదాకా ఆ మనిషి మన చేతుల్లోనే ఉంటాడు.

రోడ్డు ప్రమాదంలో సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా పోలేదు. సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తున్నాయి. ఈ ఒక్క ముక్క చెప్పినా ఆటో స్టాండులో తరగతికి జనం చేరతారు.

అన్నిటికంటే పెద్ద సంత మన కొండ చుట్టూనే ఉంది. ఆషాఢ పౌర్ణమికి తొలి పావంచా దగ్గర బయలుదేరి అడవివరం, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు లక్షలాది జనం నడుస్తారు. వైద్య శిబిరాలు పెడతారు. కానీ శిబిరానికీ శిబిరానికీ మధ్య పడిపోయినవాణ్ణి ముందు చూసేది దారిపక్కన మజ్జిగ పోసే కుర్రాడే. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం వేకువన వానకు గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయినప్పుడు కూడా డాక్టరుకంటే ముందు అక్కడున్నది వరుసలో నిలబడిన జనమే. మజ్జిగ పందిళ్లు వేసే యువజన సంఘాలు, భజన బృందాలు ప్రదక్షిణకు నెలరోజుల ముందు తరగతి పెట్టించుకుంటే ఎంతో మేలు. పందిరికి ఇద్దరు చాలు. శిక్షణ సంస్థలవారు కూడా ఎంతసేపూ కంపెనీ గేట్ల దగ్గరే కాకుండా ఈ సంఘాల పెద్దల ఇళ్ల అరుగుల మీద కూర్చుని అడగాలి. ఇక్కడ కరపత్రం పనిచేయదు. బొమ్మను తీసుకెళ్లి రచ్చబండ మీద పడుకోబెడితే చాలు, అడగకుండానే జనం మూగుతారు.

ఇదిలా ఉండగా ఆ గోపాలపట్నం కర్మాగారానికి ఈ విలేకరి మొన్న మళ్లీ వెళ్లగా, పెట్టెకు తాళం తీసేశారు. లోపల కొత్త కట్టుగుడ్డలు, కత్తెర ఉన్నాయి. రసీదుల కట్ట లేదు. తలగుడ్డతో నెత్తురు ఆపిన పెద్దాయన పేరును తరగతి జాబితాలో మొదట రాశారు. తరగతి ఎప్పుడని అడిగితే, వచ్చే నెలలో అన్నారు గుమాస్తాగారు.