గుర్రమెక్కే అమ్మాయికి ఊపిరే అసలు కళ్ళెం

గుర్రపు స్వారీ అనగానే మనకు గుర్తొచ్చేది రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి. లేదంటే బారాత్‌లో పెళ్ళికొడుకు. మా యాదగిరిగుట్టలో అయితే బ్రహ్మోత్సవాలప్పుడు అశ్వవాహనం మీద ఊరేగే నరసింహస్వామి. “రాజులకీ దేవుళ్ళకీ సరే, మన ఇంటి ఆడపిల్లకు గుర్రం ఎందుకమ్మా?” అంటారా? అవసరం పడే రోజులొచ్చాయి సుమండీ!

హైదరాబాద్ శివరాంపల్లిలో సర్దార్ వల్లభాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ ఉంది కదా. 1948లో మౌంట్ ఆబూలో మొదలై, 1975లో మన పట్నానికి వచ్చింది. ఐ.పి.ఎస్.కు ఎంపికైన వాళ్ళు, ఆడామగా తేడా లేకుండా, అక్కడ కవాతు, ఈత, యోగాలతో పాటు గుర్రపు స్వారీ కూడా నేర్చుకుంటారు. ఎన్.సి.సి.లోనూ రిమౌంట్ అండ్ వెటర్నరీ అనే విభాగం ఉంది. అందులో చేరిన కాలేజీ అమ్మాయిలు గుర్రమెక్కుతారు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో, గుర్రం చేత లయగా అడుగులు వేయించే ‘డ్రెసాజ్’ పోటీలో మన దేశ జట్టు బంగారు పతకం గెలిచింది. నలుగురి జట్టులో ఇద్దరు అమ్మాయిలే, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. గుర్రపు స్వారీలో మనకు ఆసియా స్వర్ణం రావడం 41 ఏళ్ళ తర్వాత అదే.

కాబట్టి రేపు మీ అమ్మాయి “అమ్మా, నేనూ నేర్చుకుంటా” అంటే వెంటనే కాదనకండి. అలాగని ఊరికే పంపించేయకండి. ముందు ఒంటినీ మనసునూ ఎలా సిద్ధం చేయాలో తెలుసుకోండి.

బలంతో కాదు

గుర్రం బరువు సుమారు నాలుగైదు వందల కిలోలు. యాభై కిలోల పిల్ల దాన్ని కండబలంతో ఆపగలదా? ఆపలేదు. కానీ ఈగ వాలినా చర్మం చటుక్కున కదిపేంత సున్నితం గుర్రానికి ఉంది. వీపు మీద కూర్చున్న మనిషి నడుము బిగిసినా, ఊపిరి ఆగినా దానికి తెలిసిపోతుంది. అడవిలో వేటాడే జంతువుల నుంచి తప్పించుకుని బతికిన జాతి అది. పక్కనున్న ప్రాణి బెదిరిందంటే తానూ బెదరడం దాని స్వభావం.

దీని మీద 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరిని గుర్రంతో ఒకచోటి నుంచి మరోచోటికి నాలుగుసార్లు వెళ్ళమన్నారు. నాలుగోసారికి ముందు, “ఇప్పుడు దారిలో గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం” అని చెప్పారు. నిజానికి తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది. గొడుగు సంగతే తెలియని గుర్రాల గుండె వేగమూ పెరిగింది. చూశారా? భయం మాటల్లో కాదు, ఒంట్లోంచి ఒంట్లోకి పాకుతుంది. అందుకే స్వారీకి పగ్గాలు పట్టడం ఎంత ముఖ్యమో, ఊపిరి పట్టు తప్పకుండా చూసుకోవడమూ అంతే ముఖ్యం.

పీట మీద పాఠం

జీను మీద ఎలా కూర్చోవాలో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గట్టి చెక్కపీట మీద కూర్చోండి. కింద రెండు ఎముకలు తగులుతాయి. రెండింటి మీదా బరువు సమానంగా పడాలి. గుర్రం మీదా అంతే. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి. కుర్చీలో కూర్చున్నట్టు కాళ్ళు ముందుకు చాపితే తూకం తప్పుతుంది.

చూపు గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బోనం ఎత్తుకున్న ఆడపడుచు కాళ్ళకేసి చూస్తుందా? చూడదు. చూపు ముందుకు, మెడ నిటారుగా, నడుము మాత్రం అడుగుకు తగ్గట్టు ఆడుతుంది. స్వారీలో కావలసింది సరిగ్గా అదే.

అమెరికాలో శాలీ స్విఫ్ట్ అనే ఆవిడ ఉండేవారు. చిన్ననాడే ఆవిడ వెన్నెముక వంకర తిరిగింది. ఆ లోపంతోనే స్వారీ నేర్చి, నేర్పి, 1985లో తన 72వ ఏట ‘సెంటర్డ్ రైడింగ్’ అనే పుస్తకం రాశారు. ఆవిడ చెప్పినవి నాలుగే సూత్రాలు. చూపు మెత్తగా, నలుదిక్కులకూ పరుచుకుని ఉండాలి. ఊపిరి పొట్ట దాకా వెళ్ళాలి. బరువు బొడ్డు కింద, ఒంటి నడిమధ్యన నిలవాలి. పాదం నుంచి తల దాకా ఒళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చినట్టు ఉండాలి. మన యోగా చెప్పేదీ ఇంచుమించు ఇదే కదా!

రోజూ ఇరవై నిమిషాలు

పరగడుపున గానీ, భోజనమైన మూడు గంటలకు గానీ చేయాలి. ఎక్కడా ఊపిరి బిగబట్టకూడదు.

1. మార్జాలాసనం: చేతులు, మోకాళ్ళు నేల మీద ఆనించి, ఊపిరి పీలుస్తూ నడుమును కిందికి వంచాలి, వదులుతూ పిల్లిలా పైకి ఎత్తాలి. ఎనిమిది సార్లు. గుర్రం నడకకు తగ్గట్టు నడుము ఆడటం దీనితో అలవాటవుతుంది.

2. బద్ధకోణాసనం: కూర్చుని అరికాళ్ళు రెండూ కలిపి, మోకాళ్ళను పక్కలకు వదలాలి. తొడల లోపలి కండరాలు సాగుతాయి. అవి బిగుసుకుంటే జీను మీద లోతుగా కూర్చోలేరు. మోకాళ్ళను చేత్తో నొక్కకండి.

3. వృక్షాసనం: ఒంటికాలి మీద నిలబడటం. మొదట గోడ పట్టుకోండి. కుడివైపు ఎంతసేపు చేస్తే ఎడమవైపూ అంతసేపే.

4. సేతుబంధాసనం: వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుము పైకెత్తడం. పిరుదులకు, వీపుకు బలం.

5. మెట్టు మీద మడమలు: మెట్టు అంచున పాదాల ముందు భాగం ఉంచి, గోడ పట్టుకుని మడమలను మెల్లగా కిందికి దించాలి. (గడప మీద కాదు, అత్తగారు ఊరుకోరు!) రికాబులో మడమ కిందికి ఉండాలంటే పిక్క సాగాలి.

6. చివర శవాసనం, అయిదు నిమిషాలు.

మోకాళ్ళ నొప్పులు, బి.పి., నడుము నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరునడిగి చేయాలి.

తిండి విషయానికొస్తే, స్వారీకి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు. దిగాక పల్చని మజ్జిగలో చిటికెడు ఉప్పేసి ఇవ్వండి. ఉలవచారు మనకు, ఉడికించిన ఉలవలు గుర్రానికి!

మనసుకు కోచింగ్

గుర్రమెక్కే ముందు దాని భుజం పక్కన నిలబడి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అయిదారుసార్లు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె నిమ్మళిస్తుంది. స్వారీలో ఊపిరి ఆగిపోతోందనిపిస్తే ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టడమో, పాట కూనిరాగం తీయడమో చేయాలి. పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి తరమూ కాదు.

రాత్రి పడుకునే ముందు మర్నాటి స్వారీని కళ్ళు మూసుకుని మనసులో మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడం కూడా మంచి సాధన. “పడిపోకూడదు” అనుకోవడం కాదు, “నిటారుగా కూర్చుంటా, ముందుకు చూస్తా” అనుకోవాలి. చేయకూడనిది తలచుకుంటే ఒళ్ళు అదే గుర్తుపెట్టుకుంటుంది.

ధైర్యం తగ్గినప్పుడు లిస్ హార్టెల్ కథ చెప్పండి. డెన్మార్క్ ఇల్లాలు. 1944లో కడుపుతో ఉండగా పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనిషి సాయం కావాలి. కాళ్ళతో సైగ చేయలేదు గనుక నడుముతో, బరువుతో గుర్రానికి మాట చెప్పడం నేర్చుకుంది. ఒలింపిక్స్‌లో డ్రెసాజ్‌కు ఆడవాళ్ళను మొదటిసారి రానిచ్చిన 1952లోనే, హెల్సింకీలో మగవాళ్ళతో పోటీపడి వెండి పతకం గెలిచింది.

అమ్మ చేయాల్సింది

తలకు పట్టీ బిగించిన హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వకండి. కొద్దిగా మడమ ఉన్న బూట్లు వేయించండి. అవి ఉంటే పాదం రికాబులోంచి అవతలికి జారదు. చున్నీ, గాజులు, వేలాడే జడ వద్దు. గుర్రానికి సరిగ్గా వెనక నిలబడకూడదని చెప్పండి, అక్కడ దానికి చూపు ఆనదు, బెదిరి తన్నవచ్చు. పడి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానన్నా సరే, ఆ రోజు మళ్ళీ ఎక్కనివ్వకుండా డాక్టరుకు చూపించండి. తలకు దెబ్బ లేకపోయినా వెంటనే ఎక్కాలని బలవంతం చేయకండి. భయం తగ్గేదాకా గుర్రాన్ని పట్టుకుని నడిపిస్తే చాలు.

ఇక ఆఖరి మాట. కంచె బయట నిలబడి “అమ్మో, పడతావే! జాగ్రత్త!” అని కేకలు పెట్టకండి. మీ కేకకు పిల్ల నడుము బిగుస్తుంది, పిల్ల నడుముకు గుర్రం బెదురుతుంది. మీ బెదురు రెండడుగుల్లో గుర్రానికి చేరిపోతుందన్నమాట. కన్నతల్లికి భయం ఉండకుండా ఎలా ఉంటుంది? ఉంటుంది. అందుకే పిల్లతో పాటు ఆ నాలుగు లెక్కల ఊపిరి మీరూ నేర్చుకోండి. గుర్రమెక్కేది అమ్మాయే అయినా, సాధన ఇద్దరిదీ!