కోడెక్‌లో ఒక లెక్కకు ఒకే చోటు

వీడియోను కుదించేది ఎన్‌కోడర్, తిరిగి విప్పేది డీకోడర్; రెండూ కలిసిందే కోడెక్. పనులు ఎదురెదురైనా లోపలి లెక్కలు చాలావరకు ఒకటే. ఎన్‌కోడర్ ఒక ఫ్రేమును కుదించాక, అవతల డీకోడర్‌కు ఎలా కనిపిస్తుందో తెలియడానికి దాన్ని తానే విప్పి చూసుకుంటుంది. ఆ విప్పిన బొమ్మ ఆధారంగా తర్వాతి ఫ్రేమును అంచనా వేసి, మొత్తం బొమ్మకు బదులు మిగిలిన తేడాను పంపుతుంది. రెండు వైపుల లెక్కల్లో కాస్త తేడా వచ్చినా ఆ దోషం ఫ్రేము నుంచి ఫ్రేముకు పాకి బొమ్మ చెదురుతుంది. కాబట్టి ఈ లెక్కకు రెండు నకళ్లు ఉంచడం ప్రమాదమే. ఒక నకలులో తప్పు దిద్ది, రెండోదాన్ని మరిచిపోతే చాలు.

గూగుల్ వారి లిబ్‌వీపీఎక్స్ అనే కోడెక్ లైబ్రరీలో వీపీ8, వీపీ9 కోడెక్‌లకు వేరువేరు ఫోల్డర్లున్నాయి. ప్రతిదానిలో ఎన్‌కోడర్, డీకోడర్, కామన్ అని మూడు భాగాలు. విలోమ రూపాంతరం, ఫ్రేమును విభజించిన గళ్ల అంచులను నునుపు చేసే ఫిల్టర్ వంటి, రెండు వైపులా అవసరమైన లెక్కలకు ఈ కామన్ భాగంలో చోటుంది. అయినా రెండు కోడెక్‌ల మధ్య నకళ్లు మిగిలాయి. రెండు గళ్ల పిక్సెళ్ల తేడాలను కూడే ఫంక్షన్‌కు ఏ కోడెక్ అన్నదానితో పనిలేదు. అలాంటివాటి కోసం వీపీఎక్స్_డీఎస్‌పీ అనే మరో ఫోల్డరు ఏర్పడింది.

పిక్సెల్ పరిమాణం తెచ్చే చిక్కు వేరు. 8 బిట్ల వీడియోలో ఒక్కో విలువకు ఒక బైటు చాలు, 10 బిట్లకు రెండు కావాలి. లెక్క అదే, డేటా రకమే వేరు. వీడియోలాన్ బృందం రాసిన ఏవీ1 డీకోడర్ డేవిడ్‌లో దీనికి చక్కటి ఉపాయం ఉంది. ఈ లెక్కలున్న ఫైళ్లను మూసలా ఒక్కసారే రాస్తారు, కంపైలర్ వాటిని 8 బిట్లకు ఒకసారి, 16 బిట్లకు (అంటే రెండు బైట్లకు) ఒకసారి కంపైల్ చేస్తుంది. మనిషి దిద్దాల్సింది ఒకే ఫైలు.

పోలిక కనిపించిన ప్రతిదాన్నీ కలిపేయడం మాత్రం తగదు. 1920×1080 ఫ్రేములో 20 లక్షలకు పైగా పిక్సెళ్లుంటాయి. సెకనుకు 60 ఫ్రేములంటే 12 కోట్లు దాటుతాయి. రెండు కోడెక్‌ల ఫిల్టర్లను ఒకే ఫంక్షన్‌లో ఇరికించి, ప్రతి పిక్సెల్ దగ్గరా ‘ఇది ఏ కోడెక్?’ అని అడిగిస్తే వేగం పోతుంది, చదివేవారికీ అయోమయమే. కోడెక్ ప్రమాణాల్లోనే నియమాలు వేరైనప్పుడు కోడ్ వేరుగా ఉండటమే మేలు.

ప్రాసెసర్‌కు తగ్గట్టు అసెంబ్లీలో రాసే ఫంక్షన్లలో నకళ్లు తప్పవు. ఇంటెల్‌కు ఒకటి, ఆర్మ్‌కు ఒకటి, వాటితోపాటు సీ భాషలో మూలరూపం. డేవిడ్‌లోనూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లోనూ చెక్‌ఏఎస్ఎం అనే పరీక్ష వీటికి కాపలా. యాదృచ్ఛిక విలువలను సీ రూపానికీ అసెంబ్లీ రూపానికీ ఇచ్చి, రెండు ఫలితాలూ సరిపోలకపోతే వెంటనే పట్టిస్తుంది.