కుడితి తొట్టి పోయింది... కాలువ పూడింది!

పొద్దున అంట్లు తోమే వేళకు డెల్టా పల్లెల్లో ఏ వీధికి వెళ్లినా దాదాపు ఒకటే దృశ్యం. ఇంటింటి తూములోంచి తెల్లటి నీళ్లు రోడ్డు పక్క కాలువలోకి జారుతుంటాయి. అన్నం మెతుకులు, కూర ముక్కలు, పైన తేలే నూనె జిడ్డు. నాలుగిళ్లు దాటేసరికి ఆ నీరు కదలదు. నల్లగా నిలిచి కంపు కొడుతుంది. ఎగువ ఇంటివారిని దిగువ ఇంటివారు, అందరూ కలిసి పంచాయతీని తిట్టుకోవడం మామూలైపోయింది.

పూర్వం ఇంత బెడద లేదు. పాడి వున్న ప్రతి ఇంటా కుడితి తొట్టి వుండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అందులో పడేవి. పొయ్యిలో బూడిదతో అంట్లు తోమేవారు. జిడ్డును బూడిద పీల్చుకునేది. ఇప్పుడు పాడి లేని ఇళ్లు పెరిగాయి. కట్టెల పొయ్యితోపాటు బూడిదా కరువైంది. మరోవంక నీటి వాడకం పెరిగింది. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టుకుంది. కుళాయి గడపలోకి వచ్చింది గాని, వాడిన నీరు పోయే దారి మాత్రం చాలాచోట్ల పాతదే.

కాలువను పూడ్చేది మట్టి ఒక్కటే కాదు. నెయ్యి, డాల్డా, మాంసపు కొవ్వు చల్లారగానే గడ్డకడతాయి. ఉప్పదనం, సున్నం ఎక్కువగా వుండే బోరు నీటిలో సబ్బు కలిస్తే తెట్టు కడుతుంది. దానికి జిడ్డు, మెతుకులు అంటుకుని గోడలకు పట్టేస్తాయి. వేడినీళ్లు పోస్తే పోతుందని కొందరి నమ్మకం. వేడికి కరిగిన జిడ్డు నాలుగు గజాలు ముందుకు పోయి అక్కడ మళ్లీ గడ్డకడుతుంది. పీడ పక్కింటికి మారుతుందంతే!

నిలిచిన మురుగులో క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసేది ఇదే. కాలు బాగా వాచిపోయాక మామూలు స్థితికి రావడం కష్టం. కొన్ని వీధుల్లో కుళాయి గొట్టాలు మురుగు కాలువ పక్కనుంచే పోతుంటాయి. గొట్టానికి చిల్లి వుంటే, సరఫరా ఆగిన వేళ మురుగు లోపలికి చేరి అతిసారం ప్రబలే ప్రమాదమూ వుంది.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. మూకుడు, పళ్లాలు కడిగే ముందు పాత కాగితంతోనో, తవుడుతోనో జిడ్డు తుడిచేయాలి. తూము నోటికి జాలీ బిగించి, అందులో చేరిన మెతుకులు రోజూ తీసి పెంటకుప్పలో వేయాలి. మాడిన నూనెను తూములో పోయరాదు. కొద్దిగా వుంటే వూకలో కలిపి పెంటకుప్పలో పలచగా చల్లవచ్చు. ఎక్కువైతే గాలి ఆడక ఎరువు మాగదు.

నీరు ఇంకే నేలల్లో ఇంకుడు గుంత మేలు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతున తవ్వి రాళ్లతో నింపాలి. అడుగున చిల్లులు పెట్టిన కుండలో కొబ్బరి పీచు కూరి గుంతపై వుంచి, తూము నీటిని అందులోకి వదలాలి. జిడ్డు పీచుకు పట్టుకుంటుంది. వారానికోసారి పీచు మార్చాలి. మంచినీటి బావికి, బోరుకు కనీసం 50 అడుగుల దూరం పాటించాలి. నీరు పైనే వుండే డెల్టా నేలల్లో గుంత పనిచేయదు. అక్కడ జాలీలో వడకట్టిన నీటిని అరటి, చేమ పాదులకు మళ్లించడం ఉత్తమం. 2020లో మొదలైన గ్రామీణ స్వచ్ఛభారత్ రెండవ దశలో వాడిన నీటి పారుదల పనులను కూడా చేర్చారు. గ్రామసభలో అడిగి తెలుసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. పెళ్లిళ్లలో మిగిలిన అన్నాన్ని పశువుల ముందు కుమ్మరించరాదు. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో ఆమ్లం పెరిగి పశువు ప్రాణానికే ముప్పు.

గంజి, తొక్కల సంగతి వేరు. పాడి లేని ఇంటివారు వాటిని ఒక బకెట్టులో పట్టి వుంచి, గేదె వున్న పొరుగింటికి పంపితే సరి. కాలువకు బరువు తగ్గుతుంది, గేదెకు కుడితి దొరుకుతుంది. ఎగువ దిగువ ఇళ్ల మధ్య తగువూ తీరుతుంది.